మా గల్లీ తిప్పతీగ

నాచారంలో మా గల్లీకి వస్తే తిప్పతీగ పాకని ప్రహరీ గోడ కనిపించేది కాదు. దానికంతటికీ కారణం ఎదురింటి మామ. ఫ్యాక్టరీ పని మానేశాక ఆయనకు కషాయాల పిచ్చి పట్టుకుంది. గల్లీలోకి ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్ళు పాలు పొంగించిన రోజే ఒక తీగ ముక్క తెచ్చి గోడ పక్కన గుచ్చి వెళ్ళేవారు. వద్దనే సందు ఇచ్చేవారు కాదు. మా ఇంట్లో కూడా పొద్దున్నే అందరం మొహాలు చిట్లించుకుని ఆ కషాయం తాగేవాళ్ళం.

నేను ఉప్పల్‌లో మూలికలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. మూలిక ఎండి పొడి అయ్యాక అది ఏ మొక్కో కంటితో తేల్చడం కష్టం. అందుకే దాని డీఎన్ఏలో ఒక చిన్న భాగాన్ని చదివి, ముందే ఖాయంగా తెలిసిన మొక్కల డీఎన్ఏతో పోల్చి చూస్తాం. దీన్నే డీఎన్ఏ బార్‌కోడింగ్ అంటారు. ఎండబెట్టినా, దంచినా మొక్క గుర్తు అందులో మిగిలే ఉంటుంది. ఇన్నేళ్ళు చేస్తున్నా, ఆ అక్షరాల వరుస తెర మీదికి వచ్చినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మొన్న వానాకాలంలో మామ భార్యకు కళ్ళు పచ్చబడ్డాయి. ఆమెను మేం అత్తా అని పిలుస్తాం. దవాఖానాలో చేర్చుకుని, లివర్ దెబ్బతిందన్నారు. కషాయం సంగతి విని డాక్టరమ్మ వెంటనే ఆపించింది. అచ్చం తిప్పతీగలా ఉండే ఇంకో తీగ ఉందనీ, అది తాగి ఇలా అయినవాళ్ళు ఉన్నారనీ చెప్పిందట. ఆ సాయంత్రం మామ ఒక కవర్లో వాళ్ళ గోడ మీది తీగ ముక్క పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చారు.

"రోజూ నా చేత్తోనే పోసిచ్చిన బిడ్డా. గిది అసలుదేనా కాదా, జర చూసి చెప్పు."

కాడ మీది బుడిపెలు చూసి నాకు అనుమానం వచ్చింది, అసలు తిప్పతీగకు అంత పెద్దవి ఉండవు. కానీ ఉత్త అనుమానంతో ఆయన్ను కుంగదీయడం ఇష్టం లేకపోయింది.

మా ల్యాబ్‌లో పెద్ద మేడం ఒకరున్నారు. ఎంత తొందర పనైనా, శాంపిల్ వెయ్యని ట్యూబు ఒకటి పక్కన పెట్టనిదే పరీక్ష మొదలుపెట్టరు. అందులో ఏదైనా కనిపించిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టే. అంతా పారబోసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. కొత్తలో ఆ చాదస్తానికి నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమె లేకుండా ఏ ఫలితాన్నీ నమ్మబుద్ధి కాదు. విషయం విని, "ఆయన గోడ ఒక్కటే చూసి గల్లీ మొత్తానికి ఎలా చెబుతావు? ఇంకో ఇంటి తీగ కూడా తీసుకురా" అన్నారు. మా గోడ మీదిదే కోసుకెళ్ళాను.

రెండూ ఒకటే మొక్క. రెండూ తిప్పతీగ కావు. ఖాళీ ట్యూబులో ఏమీ రాలేదు.

ఆ మాట వెళ్ళి మామకు చెప్పాను. ఆయన అరుగు మీద కూలబడ్డారు. గల్లీ వాట్సాప్ గ్రూపులో నేనే పెడతానన్నాను.

"వద్దు బిడ్డా. ఇచ్చినోణ్ణి నేనే, చెప్పేది గూడ నేనే."

మర్నాడు పొద్దున్నే కత్తి పట్టుకుని గేటు గేటుకూ వెళ్ళారు. "నేనిచ్చింది తప్పు తీగ. మా ఇంటామె దవాఖానల పడ్డది. మీరు తాగకున్రి, నేను పీకేస్త" అన్నారు. మూలింటామె, "ఏండ్ల సంది తాగుతున్నం, మాకేం కాలే" అని కొట్టిపారేసింది. ఆమె ఒప్పుకునేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. ఇంకొకాయన నోటికొచ్చినట్టు తిడితే తల వంచుకుని పడ్డారు, తిట్లయ్యాక వంగి వేర్లతో సహా పెకలించారు. ఆయన స్థానంలో నేనుంటే తలుపేసుకుని లోపలే కూర్చునేదాన్ని. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ఎనలేని గౌరవం.

అత్త కోలుకుని ఇంటికి వచ్చాక చూడటానికి వెళ్ళాను. మాత్ర వేసుకునే వేళైంది. మామ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆమెకు అందించకుండా పక్కనున్న స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగారు. అత్త గ్లాసు వైపు చూడనైనా లేదు.

"గాడ పెడ్తవేంది? చేతికియ్యి."

ఆయన గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టారు. అత్త ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.