కుదురులేని చుక్క

అన్నతో కలిసి రెండు కుర్చీల సెలూను నడిపే తమ్ముడికి, పిడికిట్లో ఇమిడే దుర్బిణి ఒకటి ఉంది. దువ్వెనతో పాటు చొక్కా జేబులోనే తిరుగుతుంది. పడమట మొదటి చుక్క పొడిచిందంటే చాలు, షాపు అన్నకు వదిలేసి డాబా ఎక్కుతాడు. ఎక్కినవాడు ఒకచోట నిలబడితేగా! పిట్టగోడకు మోచేయి ఆనిస్తాడు, కాదని నీళ్ల ట్యాంకుకు వీపు చేరేస్తాడు, అదీ కాదని మెట్ల మీద కూలబడతాడు. ఊపిరి బిగబట్టి చూస్తాడు, అద్దం తుడుస్తాడు, మళ్లీ చూస్తాడు. కాలు కాలిన పిల్లిలా ఈ తిరుగుడేమిటో అని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. వారం కిందట ఒక పెద్దాయన చెంప మీద తన కత్తి గాటు పెట్టిందని, అప్పటినుంచి మనసు మనసులో లేదని వాళ్లకేం తెలుసు?

మొన్న సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి వదిన పైకి వచ్చింది. “ఏం మరిదీ, ఆకాశంలో ఎవరైనా గడ్డం పెంచుకుని కూర్చున్నారా?” అంది. “ఇది నాసిరకం సరుకు వదినా. చుక్క ఒకటే గంతులేస్తోంది. నువ్వు చూడు,” అన్నాడు. వదిన పిట్టగోడకు మోచేయి ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. “గంతులా? గోడకు మేకు కొట్టినట్టుంది కదయ్యా!” అతను కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. మర్నాడు మొదట వచ్చినాయన మెడ ఎత్తి కూర్చుంటే నురగ రాశాడు, కత్తి తెరిచాడు, మూశాడు. “అన్నయ్యా, ఈయన గడ్డం నువ్వు గియ్యి,” అన్నాడు. కత్తి అన్న చేతిలో పెట్టి, “రేపటివి కూడా,” అన్నాడు.