ఎక్కడికీ వెళ్ళని వైరు

మా ఆర్కెస్ట్రా ఫ్లెక్సీ మీద అందరికంటే పెద్ద ఫోటో నాదే. పాడేవాళ్ళు నలుగురూ చిన్న చిన్న గుండ్రాల్లో మూలలకి ఉండేవాళ్ళు. మధ్యలో డ్రమ్స్ వెనక నేను, జుట్టు విరబోసుకుని, స్టిక్స్ రెండూ పైకెత్తి. కింద ఎర్రక్షరాల్లో 'లేడీ డ్రమ్మర్' అని ఉండేది. పేరు మాత్రం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని మాస్టారిని అడిగితే, "పేరుదేముందమ్మాయ్, అందరికీ ఉంటాయి పేర్లు. డ్రమ్స్ కొట్టే ఆడపిల్ల ఎవరికుంది?" అన్నాడు. అది పొగడ్త అనుకుని సంతోషపడ్డాను.

మాస్టారంటే ఆర్కెస్ట్రా నడిపే ఆయన. కీబోర్డు వాయించేదీ, పాటలు ఎంచేదీ, ఫంక్షన్ల వాళ్ళతో మాట్లాడేదీ ఆయనే. డ్రైవరు రాకపోతే వ్యాను నడిపేదీ ఆయనే.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. అమ్మ మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్ళేది. నాన్న డప్పు కొట్టేవాడు. ఊళ్ళో చావులకి కొట్టడం మా తాతతోనే సరి, నాన్న మా చర్చి మందిరంలో పాటలకి మాత్రమే కొట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఎవరో దాత మందిరానికి డ్రమ్ సెట్టు ఇచ్చాడు. దాన్ని ఎట్టా బిగించాలో కూడా ఎవరికీ తెలీదు. ఆరు నెలలు దుప్పటి కప్పి ఉంచారు. ఒక శనివారం ఊడవడానికి వెళ్ళి నేను దుప్పటి తీశాను. నాన్న తిట్టలేదు. పక్కన స్టూలేసుకుని కూర్చుని, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ, "నువ్వు కొట్టేది నువ్వు వినాలమ్మా. వినకుండా కొడితే దంచినట్టుంటది" అన్నాడు. అదే నాకు మొదటి పాఠం. అంతకు మించి ఎవరూ నాకు నేర్పలేదు.

పెళ్ళయింది. పొసగలేదు. పుట్టింటికి వచ్చేసి, మళ్ళీ ఆదివారాలు మందిరంలో వాయించుకుంటున్న రోజుల్లో, ఒక వార్షికోత్సవానికి మాస్టారు కీబోర్డు వాయించడానికి వచ్చాడు. అయిపోయాక నాన్న దగ్గరికి వెళ్ళి, "మీ అమ్మాయిని నాతో పంపండి. సొంత చెల్లెల్లా చూసుకుంటా" అన్నాడు. అట్టా బయల్దేరాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు.

రోడ్డు మీద బతుకు గురించి బయటివాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. నాకు గుర్తున్నది మాత్రం దాహం. వ్యానులో పదిమందిమి, అందులో ఆడవాళ్ళం ముగ్గురం. పొద్దున బయల్దేరిన దగ్గర్నించీ మేం ముగ్గురం నీళ్ళు తాగేవాళ్ళం కాదు, ఎందుకంటే షామియానా వేసిన చోట ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటుండదు. ఫంక్షన్ వాళ్ళ ఇంట్లో అడిగితే, "ఆర్కెస్ట్రా వాళ్ళా?" అని ఎగాదిగా చూసేవాళ్ళు. ఆ చూపు పడలేక పత్తి చేలకి అడ్డం పడి నడిచేవాళ్ళం. వ్యానులోనే దుప్పటి అడ్డం పట్టుకుని చీరలు మార్చుకునేవాళ్ళం. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో అద్దాలు తీస్తే దగ్గు, మూస్తే ఉక్క. పాడే అమ్మాయి ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, లోపల్లోపలే పాట చెప్పుకునేది.

అయినా స్టేజీ ఎక్కితే అదంతా మర్చిపోయేదాన్ని. "ఒరేయ్, ఆడది కొడతందిరా!" అని ఎవడో అరిచేవాడు. వరసగా ఫోన్లు లేచేవి. ఒకసారి ఒక ముసలామె స్టేజీ దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో కాయలు తడిమి చూసి, "పలుగు పట్టినట్టుందే తల్లీ" అంది. అబద్ధమెందుకు, నాకు బాగుండేది. ఆ రెండేళ్ళూ నేను బాగా వాయిస్తున్నాననే అనుకున్నాను.

మా ఊరి దగ్గర సత్తెనపల్లిలోనే ఒక పెళ్ళికి వాయించినప్పుడు నాన్న వచ్చాడు. జనంలో వెనక నిలబడి చూశాడు. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగాడు. నాన్న ఎప్పుడూ అంతే, ఎక్కువ మాట్లాడడు.

పిడుగురాళ్లలో ఒక వోణీల ఫంక్షన్ రోజున నా సంగతి నాకు తెలిసింది. ఎండాకాలం, పట్టపగలు. సున్నం బట్టీల వైపు నించి గాలి వీస్తే సింబల్స్ ఇత్తడి పళ్ళేల మీద తెల్లగా పొర పడేది. పాటకీ పాటకీ మధ్య గుడ్డతో తుడుచుకుంటున్నాను. మూడో పాట హుషారైన పాట. బంధువులంతా స్టేజీ ముందుకొచ్చి ఎగురుతున్నారు. నేను ఒళ్ళు మర్చిపోయి కొడుతున్నాను.

ఉన్నట్టుండి ముందు వరసలో వాళ్ళు ఆగిపోయారు. పాట ఆగలేదు, కీబోర్డు ఆగలేదు. నేనూ ఆగలేదు. ఒకాయన నా వైపు చెయ్యి ఊపి గట్టిగా, "ఏందమ్మాయ్, ఆపేశావు? కొట్టు!" అన్నాడు.

నేను కొడుతూనే ఉన్నాను. ఇంకా గట్టిగా కొట్టాను. "కొట్టమ్మా, కొట్టు!" అని మరో ఇద్దరు అరిచారు.

పక్కకి తిరిగి చూశాను. పెద్ద స్పీకరు చాటున మా ప్యాడు వాయించే అన్న ఒంగి వైరేదో గుచ్చుతున్నాడు. రిథమ్ ప్యాడంటే పలకంత పెట్టె. దాని మీద పుల్లతో కొడితే ఏ వాయిద్యం కావాలంటే ఆ చప్పుడు వస్తుంది. ఆ అన్న దాని మీద డోలకూ తబలా వాయిస్తాడనే నేను అనుకునేదాన్ని. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉండేవి కాబట్టి నాకు దగ్గరగా మోగేవి నా డ్రమ్సే, ఆ హోరులో కింద జనానికి అవి వినపడేవి కావు. వైరు సరిగ్గా కూర్చుంది. ఆయన రెండు చేతులతో ఒక్క రోల్ ఇచ్చాడు. స్పీకర్లలోంచి డ్రమ్స్ దడదడమని మోగాయి. అప్పుడు నా స్టిక్స్ రెండూ గాల్లో ఉన్నాయి. జనం నన్ను చూసి ఈలలేశారు.

ఆ పాట ఎట్టా ముగించానో తెలీదు. అందరూ భోజనాలకి లేచాక నేను స్టేజీ మీదే ఉండిపోయాను. నా డ్రమ్స్ చుట్టూ నాలుగు మైకులుండేవి. వాటి వైర్లు పట్టుకుని వెళ్ళాను. కార్పెట్ కిందనించి స్టేజీ వెనక్కి పోయాయి. అక్కణ్ణించి కిందకి దిగాయి. కింద నాలుగింటినీ చుట్ట చుట్టి, పాత చీర అంచుతో ముడేసి, షామియానా గుంజ పక్కన పెట్టారు. కొసలు ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ చుట్ట చేత్తో పట్టుకుని మాస్టారు భోంచేస్తున్న చోటికి వెళ్ళాను.

"ఏంటండీ ఇది?"

ఆయన తలెత్తి చూసి, సాంబారు పోయించుకుని, "తిన్నాక మాట్లాడదాం కూర్చో" అన్నాడు.

"ఎన్నాళ్ళ నించి?"

"మార్టూరులో గుర్తుందా? నువ్వు చేరిన కొత్తలో. మైకులన్నీ కూతలు పెట్టి, ఫంక్షన్ పెట్టిన గ్రానైట్ వ్యాపారులు స్టేజీ మీదకొచ్చి నన్ను నానా మాటలూ అన్నారు. ఆ రోజు నించే నీ వైర్లు తీసేశాను. మనకున్న సౌండు మిక్సరుకి అన్ని మైకులు పట్టవు. ప్యాడుకైతే ఒక్క వైరు చాలు."

"నాకు చెప్పాలిగా!"

"చెబితే ఇట్టా నవ్వుతా కొట్టేదానివా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. వ్యానుకి టైరు ఎందుకు మార్చాడో చెప్పినట్టు చెప్పాడు. "జనానికి నువ్వు కనపడాలమ్మాయ్. వినపడే సంగతి నేను చూసుకుంటా."

పక్క వరసలో తింటున్నవాళ్ళు మావైపు చూశారు. పాడే అమ్మాయి తల వంచుకుంది. అప్పుడర్థమైంది, నాకు తప్ప అందరికీ తెలుసని.

వ్యాను దగ్గర ప్యాడు అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మనిషి నెమ్మది. రెండేళ్ళలో నాతో పది మాటలు మాట్లాడి ఉంటాడు. "నువ్వైనా చెప్పొచ్చుగా అన్నా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన నన్ను ఓదార్చలేదు. "నీకు చెప్తే నీ బాధ నీకు తెలుస్తది. మరి నా బాధో?" అన్నాడు. "రెండేళ్ళ నించీ నేను వాయించిందానికి నీకు చప్పట్లు కొడతన్నారు. ఒక్కడంటే ఒక్కడు నా మొహం చూళ్ళేదు. పైగా మాస్టారు నన్ను స్పీకరు ముందుకి రావొద్దన్నాడు, నిన్ను చూసేవాళ్ళకి అడ్డమని. మా ఆవిడ వీడియో చూసి, 'ఇందులో నువ్వెక్కడ?' అనడిగింది. ఏం చెప్పను చెల్లెమ్మా?"

ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం మాస్టారి మీద కూడా రాలేదు. ఆయన చెప్పింది నిజం కాబట్టేమో.

సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేశాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పెళ్ళికి వచ్చానుగా. నీ చెయ్యి పడే చోటొకటి, చప్పుడొచ్చే చోటొకటి. చెవులున్నాయిగా నాకు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నీ మొహాన నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఎట్టా చెప్పను?"

నా మొగుడు నన్ను బయటికి పంపినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. నాన్న మీద జాలో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేను. ప్రేమతోనే దాచాడు. కానీ దాచాడు.

ఆ ఏడు పత్తి తీతకీ, తర్వాత మిరప కోతలకీ అమ్మతో వెళ్ళాను. చేలో ఆడవాళ్ళు, "ఏమే డ్రమ్మరూ, కాయలు కోయడం వచ్చా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. వేరే ఆర్కెస్ట్రాల వాళ్ళకి ఫోన్లు చేశాను. "మా దగ్గర ప్యాడుందండీ" అనేవాళ్ళు అందరూ. చివరికి మాస్టారే ఫోన్ చేశాడు. ఫంక్షన్ల వాళ్ళు నన్నే అడుగుతున్నారట.

"మైకులు కలిపితే వస్తాను" అన్నాను.

"సరే రా. కొత్త మిక్సరు తెచ్చాను" అన్నాడు.

మళ్ళీ మార్టూరే పడింది, ఒక గృహప్రవేశం. ఎక్కేముందు నాలుగు వైర్లూ మిక్సరు దాకా చూసుకున్నాను. ప్యాడు అన్నని డోలకుకే ఉంచారు. మొదటి పాట మొదలైంది. నా డ్రమ్స్ స్పీకర్లలో మోగాయి. ఎదురుగా గోడకి కొట్టుకుని ఆ చప్పుడు నా దగ్గరికే తిరిగొచ్చింది.

అది విన్నాను. బేస్ డ్రమ్ము మీద కాలు తాళం కంటే ముందు పడుతోంది. రోల్ ఇచ్చిన ప్రతిసారీ పాట పరిగెడుతోంది. తల విసరడం, స్టిక్ తిప్పడం, నవ్వడం, అన్నీ సరిగ్గా అమరుతున్నాయి. వాయించడం ఒక్కటే అమరడం లేదు. రెండేళ్ళు ఎవరూ వినని చోట కొట్టీ కొట్టీ, నేను కూడా వినడం మానేశాను. నాన్న మొదటి రోజు చెప్పిన మాటే మర్చిపోయాను. పాడే అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రెండో పాట సగంలో స్పీకర్లలో నా చప్పుడు మెల్లగా తగ్గిపోయింది. మాస్టారు నా వైపు చూడకుండానే మిక్సరు మీద వేలు జరిపాడు. ప్యాడు అన్న అందుకున్నాడు. పాట నిలబడింది.

మాస్టారు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. తిరుగు దారిలో చిలకలూరిపేటలో నేను దిగిపోయాను.

నా ఆట వాళ్ళు చెడగొట్టారని ఇప్పటికీ అంటాను. అందులో సగం నేనే చెడగొట్టుకున్నానని ఎవరితోనూ అనను. ఇక్కడ రాస్తున్నాను, అంతే. ఆ తర్వాత రెండేళ్ళు మందిరంలో ఒక్కదాన్నే కూర్చుని, ఫోన్లో రికార్డు చేసుకుని, విని, సిగ్గుపడి, మళ్ళీ కొట్టి, చెయ్యి బాగుచేసుకున్నాను. ఇప్పుడు సువార్త సభలకి పిలుస్తున్నారు. నరసరావుపేట నించి ఒంగోలు దాకా తిరుగుతున్నాను. కూర్చునే ముందు ప్రతి వైరూ కొస దాకా పట్టుకుని వెళ్ళి చూసుకుంటాను. సౌండు వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మొన్న మార్చిలో ఒక సభకి వెళ్తుంటే దారిలో టీ కొట్టు దగ్గర మాస్టారి వ్యాను కనపడింది. దానికి కట్టిన ఫ్లెక్సీ మీద నా చోట కొత్త అమ్మాయి. ఆ అమ్మాయే బెంచీ మీద ఒక్కతే కూర్చుని టీ తాగుతోంది. మాస్టారు కనపడలేదు. ఊరుకోలేకపోయాను. పక్కన కూర్చుని, నేను ఫలానా అని చెప్పి, "నీ మైకులు ఎక్కడికి వెళ్తున్నాయో ఒక్కసారి చూసుకో అమ్మాయ్" అన్నాను.

"ఎక్కడికీ వెళ్ళవక్కా" అంది నవ్వుతూ. "ముందే చెప్పారు. నాకసలు వాయించడం రాదుగా. ఇంతకు ముందు బట్టల షాపులో చేసేదాన్ని. పొద్దస్తమానం నిలబడి కాళ్ళు పీకేవి. ఇక్కడ కూర్చోవచ్చు."

ఇన్నేళ్ళూ మోసం మోసం అని నేను మోసుకు తిరిగింది ఆ అమ్మాయికి కూర్చునే ఉద్యోగం. లేవబోతుంటే ఆ అమ్మాయి సంచీలోంచి స్టిక్స్ తీసింది.

"అక్కా, ఫోటోల్లో మీరు పట్టుకున్నట్టు నాకు కుదరట్లేదు. వీడియోల కింద జనం ఎక్కిరిస్తన్నారు. ఎట్టా పట్టుకోవాలో చూపిస్తారా?"

బొటనవేలు ఎక్కడుండాలో, చూపుడువేలు ఎట్టా మడవాలో చూపించాను. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి కుదిరింది. వ్యాను హారన్ వినపడింది. ఆ అమ్మాయి టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, "థాంక్సక్కా" అని పరిగెత్తింది.