చెవులు కొలిచిన పెంటయ్య

మిర్యాలగూడలో సాగర్ రోడ్డు మీద ఉన్న ఒక రైస్ మిల్లుకు పెంటయ్య పందొమ్మిదేళ్లుగా గేటు మనిషి. సొంతూరు పెద్దవూర పక్కన, కాపురం మాత్రం మిర్యాలగూడలోనే. హాలియా వైపు నుంచి వడ్ల లారీ వచ్చిందంటే, డ్రైవరు కిందికి దిగకముందే అది ఎవరి బండో, ఎన్నో ట్రిప్పో చెప్పేస్తాడు. పని పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది. ఏడున్నరకు సైకిలెక్కాడంటే ఇల్లు తగలబడుతున్నా వెనక్కి తిరిగి చూడడు. ఇంత చిక్కు వచ్చిందీ ఆ అలవాటు వల్లనే.

ఆయన కూతురు జ్యోత్స్న నల్లగొండలో లా చదువుతుంది. ఆ నెలలో పరీక్షలకు చదువుకోవడానికి ఇంటికి వచ్చింది. ఆ పిల్ల కూర్చుని చదవదు. పుస్తకం చేత పట్టుకుని వాకిట్లో ఇటు నుంచి అటు నడుస్తూ, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ గట్టిగా చదువుతుంది. పెంటయ్య గడప మీద కూర్చుని చాయ తాగుతూ వింటాడు. కూతురు లాయరు కాబోతుందన్న సంతోషంలో ఆయనకు చాయలో చక్కెర లేకపోయినా తెలిసేది కాదు.

అదే రోజుల్లో మిల్లులో కూరలు మాయం కావడం మొదలైంది.

హమాలీలు, మిషను నడిపేవాళ్లు తెచ్చుకున్న సద్ది డబ్బాలన్నీ రేకుల షెడ్డులో మేకులకు వేలాడదీస్తారు. మధ్యాహ్నం విప్పి చూస్తే అన్నం అన్నంలాగే ఉంటుంది, కూర గిన్నె మాత్రం ఖాళీ. ఒట్టి ఖాళీ కాదు. కడిగి, తుడిచి, మూత పెట్టి ఉండేది. దొంగ పప్పు, పచ్చడి జోలికి పోడు. గుడ్ల పులుసు, ఎండుచాపలు, కోడికూర, అవే పోతాయి. మూడో వారానికి హమాలీలు మేనేజరు మధుసూదన్ దగ్గరికి పోయి లొల్లి పెట్టారు.

మధుసూదన్ గుండ్రటి మొహం, మెత్తటి మాట ఉన్న మనిషి. అందరి బాధా విని, కళ్లద్దాలు తుడుచుకుని, పెంటయ్యను పిలిపించాడు.

"పెంటయ్యా, గీ దొంగ ఎవడో నువ్వే పట్టాలె. నీకు పందొమ్మిదేండ్ల అనుభవమున్నది."

"నాకిడిసిపెట్టున్రి సార్," అన్నాడు పెంటయ్య. ఎలా పట్టాలో మాత్రం ఆయనకు తెలియదు.

మర్నాడు పొద్దున జ్యోత్స్న వాకిట్లో నడుస్తూ చదువుతోంది. "నేరస్థుడు తయారు కాడు, పుడుతాడు అని నూటయాభై ఏండ్ల కింద ఇటలీల ఒక డాక్టరు చెప్పిండు. జైళ్లల్ల ఖైదీల తలకాయలు కొలిచిండు. పెద్ద దవడ, చాటంత చెవులు, వెనక్కి వాలిన నుదురు, కలిసిపోయిన కనుబొమ్మలు, పొడుగు చేతులు, ఒంటి మీద పచ్చబొట్టు. గిసొంటి గుర్తులు అయిదున్నయంటే వాడు పుట్టు దొంగ..."

పెంటయ్య చాయ గ్లాసు కింద పెట్టి గడియారం చూశాడు. ఏడున్నర. సైకిలెక్కాడు. జ్యోత్స్న పేజీ తిప్పి "కానీ" అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన సందు మలుపు దాటిపోయాడు.

పోతూ పోతూ జేబులో భార్య టేపు వేసుకుపోయాడు. బాలమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ రోజంతా ఆమె టేపు కోసం మంచం కింద, బియ్యం డబ్బాలో, చివరికి పక్కింటివాళ్ల పొయ్యి గట్టు మీద కూడా వెతికింది.

మిల్లులో పెంటయ్య అందరినీ వరసలో నిలబెట్టాడు. కొలతలెందుకంటే ఏం చెప్పాలి? "కొత్త యూనిఫాములు ఇస్తరంట" అన్నాడు. అందరూ సంబరంగా చేతులు చాపారు. దవడ కొలిచేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. మిషను నడిపే ఏసుబాబుది కోదాడ. మాటలో మర్యాద ఎక్కువ.

"పెంటయ్య గారూ, చెవులకు కూడా యూనిఫాం కుట్టిస్తారా అండీ?"

"టోపీకి," అన్నాడు పెంటయ్య తడుముకోకుండా.

"దవడకండీ?"

"టోపీకి తాడు ఉంటది. గదవ కింద కట్టుకోవాలె."

ఏసుబాబు చేతి మీద సిలువ పచ్చబొట్టు ఉంది. పెంటయ్య దానికొక గుర్తు వేసుకున్నాడు. చేతులు పొడుగు, ఇంకొకటి. రెండు. వదిలేశాడు. ఊడ్చే కాటమ్మకు కనుబొమ్మలు కలిసి ఉన్నాయి, కానీ చెవులు బుడ్డవి. మేనేజరు గారిని కొలవడానికి ధైర్యం చాలక, సంతకం పెట్టించుకునే నెపంతో ఎదురుగా నిలబడి కళ్లతోనే కొలిచాడు. చిన్న చెవులు, చక్కటి నుదురు, దవడ ఎక్కడుందో కూడా తెలియదు. కాగితం మీద "మధుసూదన్ సార్, సున్నా" అని రాసి కింద గీత గీశాడు.

హమాలీ గేమ్యాకు మూడొచ్చాయి. అందరికంటే ఎక్కువ. పెంటయ్యకు వాడంటే ఇష్టం. అందుకే పక్కకు తీసుకుపోయి సంగతి చెప్పేశాడు.

"గేమ్యా, ఏమనుకోకు. పుస్తకం ప్రకారం నీకు మూడు గుర్తులున్నయి. ఇంకో రెండుంటే నువ్వు పుట్టు దొంగవే."

గేమ్యా ముందు పకపకా నవ్వాడు. తర్వాత బస్తా మీద కూర్చుని బీడీ తీశాడు.

"అన్నా, గీ మాట మాకు కొత్త కాదు. మా తాతల కాలంల సర్కారోళ్లు మా తండాలకు తండాలనే పుట్టుడుతోనే దొంగలని కాయితంల రాసుకున్నరంట. మా తాత దినాం ఠాణాకు నడుసుకుంట పోయి, మొఖం సూపెట్టి వచ్చేటోడు. పొద్దుగాల పోతే పొద్దూకేది. ఇగ దొంగతనం జెయ్యనీకి ఆయనకు టైమేడిది?"

పెంటయ్య చేతిలో ఉన్న టేపును చుట్టలా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పోయిన కూర నీదే గద మల్ల," అన్నాడు.

"మూడు దఫాలు పోయింది," అన్నాడు గేమ్యా. "నాది నేనే దొంగిలించుకుంటనా?"

ఆ మాట పెంటయ్య తలలో నాటుకుపోయింది. అందరినీ కొలిచాడు. కొలవనిది ఒక్కణ్నే.

సాయంత్రం ఇంటికి పోయి బాలమ్మకు టేపు ఇచ్చాడు. ఆమె తిట్లు మొదలుపెట్టకముందే, "జర నా చెవులు కొలువు" అన్నాడు.

"చాటలంత ఉన్నయి. గిండ్ల కొలిచేదేమున్నది?"

"దవడ?"

"గుర్రం లెక్క ఉంటది. పెండ్లి సూపులల్లనే మా అక్క చెప్పింది."

అద్దం ముందు నిలబడి మిగతావి తనే చూసుకున్నాడు. నుదురు వాలే ఉంది. కనుబొమ్మల మధ్య ఒక్క వెంట్రుకంత ఖాళీ కూడా లేదు. చేతులు పొడుగు కాబట్టే గేటు గొళ్లెం స్టూలు మీద కూర్చునే తీస్తాడు. మోచేతి మీద అమ్మ పేరు పచ్చబొట్టు. ఆరింటికి ఆరు. ఇటలీ డాక్టరు బతికి ఉంటే పెంటయ్యను చూసి సంతోషంతో ఏడ్చేవాడు.

యాభై మూడేళ్లలో ఒకరి పుల్ల కూడా ముట్టింది లేదు. అయినా ఆయనకు అన్నం దిగలేదు.

మర్నాడు జ్యోత్స్న తరువాతి పాఠానికి వచ్చింది. "మన మనసుల మనకే తెల్వని ఒక అర్ర ఉంటది. చిన్నప్పుడు తీరని కోరికలు అండ్ల దాసుకుంటయి. మనిషికి తెల్వకుంటనే అవి వానితోని పనులు జేపిస్తయి. చేసినోనికి చేసినట్టు యాదికి గూడ ఉండకపోవచ్చు..."

ఏడున్నర. సైకిలు తొక్కుతుంటే పెంటయ్యకు చెమటలు పట్టాయి. చిన్నప్పుడు వాళ్లింట్లో కూర వండితే పెద్ద ముక్క ఎప్పుడూ అన్నకే. తనకు మాంసం లేని బొక్క. "వాడు పెద్దోడు బిడ్డా" అనేది అమ్మ. ఆ ముక్కలన్నీ ఇన్నేళ్లు లోపలి అర్రలో, ఆ తెలియని గదిలో దాగి ఉండి ఇప్పుడు బయటికి వస్తున్నాయన్నమాట.

ఆ రోజు ఆయన దొంగ మీద నిఘా పెట్టాడు, అంటే తన మీద. అరగంటకొకసారి వేళ్లు వాసన చూసుకున్నాడు. ఒక కాగితం మీద "తొమ్మిదిన్నర, గేటు కాడ ఉన్న. పది, గేటు కాడనే ఉన్న" అని రాసుకున్నాడు. పదకొండింటికి మూడు లారీలు ఒకేసారి వచ్చి హారన్లు కొట్టాయి. వాటిని లోపలికి పంపేసరికి పదకొండున్నర. ఆ అరగంటలో రాసింది లేదు. మధ్యాహ్నం గేమ్యా వచ్చి, "అన్నా, నా కూర మల్ల పోయింది" అన్నాడు.

పెంటయ్య వేళ్లు వాసన చూసుకున్నాడు. డీజిల్ వాసన. దొంగ తెలివైనవాడు, చేతులు కడుక్కున్నాడు అనుకున్నాడు.

తిన్నగా మేనేజరు గదికి పోయి తలుపు వేశాడు. విజిల్, గేటు తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"సార్, దొంగ దొరికిండు."

మధుసూదన్ మొహం పాలిపోయింది. "ఎవడు?"

"నేనే సార్."

"ఏందీ?"

"నేనే. ఆరు గుర్తులున్నయి నాకు. చిన్నప్పుడు పెద్ద ముక్క పెట్టలేదు మా అమ్మ. లోపట అర్ర ఉన్నది సార్, అండ్లకెల్లి వచ్చి తింటున్న. నాకే తెలుస్తలేదు." పెంటయ్య ముక్కు చీదాడు. "ఇయ్యాల గేమ్యా తెచ్చిన మటన్ గూడ నేనే తిన్న. కని రుచే యాదికొస్తలేదు. గదే బాధైతుంది సార్."

"మటన్ కాదు పెంటయ్యా, బోటి," అన్నాడు మధుసూదన్ ఓదార్పుగా.



గేమ్యా తనతో అన్నది "కూర" అని మాత్రమే, మటన్ అన్నది తన ఊహే. పెంటయ్య మెల్లగా తలెత్తాడు. "మీకెట్ల తెలుసు సార్?"

మధుసూదన్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఎదురుగా ఒక మంచి మనిషి తను చేయని తప్పుకు ముక్కు చీదుకుంటుంటే ఆయన ఇక పట్టలేకపోయాడు. సొరుగు లాగి తన సద్ది డబ్బా పైన పెట్టి మూత తీశాడు. కొర్రల అన్నం, ఉప్పు లేని కాకరకాయ.

"మూడు నెలలైంది పెంటయ్యా. సూర్యాపేటల పరీక్ష జేపిస్తే సుగరొచ్చింది. అప్పటిసంది మా ఇంటామె సరిత పొద్దున ఇదే పెడ్తది, పొద్దూకి ఇదే. ఒకనాడు షెడ్డు దిక్కు పోయిన. మూత సందులకెల్లి వాసనొచ్చింది. ఒక్క ముక్క అనుకున్న."

"మరి గిన్నెలెందుకు కడిగిన్రు?"

"సిగ్గైంది."

పెంటయ్యకు కోపం రావాలి. రాలేదు. తను దొంగ కాదన్న ఊరట ముందు ఇంకేదీ నిలబడలేదు. కుర్చీలో కూలబడి బిగ్గరగా ఏడ్చాడు. మధుసూదన్ కూడా ఏడ్చాడు. ఏడుపులు విని ఏసుబాబు తలుపు తోసి చూసి, "టోపీలు క్యాన్సిలయ్యాయా అండీ?" అన్నాడు.

మధుసూదన్ ఆ రోజే షెడ్డులోకి పోయి అందరి ముందు ఒప్పుకున్నాడు. హమాలీలు మొదట నోళ్లు తెరిచారు. ఒకరిద్దరు గట్టిగానే తిట్టారు, ఆయన తల వంచుకుని విన్నాడు. కాటమ్మ ఎండుచాపల కూర సంగతి రెండుసార్లు ఎత్తింది. చివరికి గేమ్యా, "అడిగితే పెట్టకపోతుంటిమా సార్? మేమేమన్న అంత కఠినులమా?" అన్నాడు. ఆ మాట ఆయనకు తిట్ల కంటే ఎక్కువ తగిలింది.

సాయంత్రం ఇంట్లో సంగతంతా విని జ్యోత్స్న కడుపు పట్టుకుని నవ్వింది. గేమ్యా తాత మాట వచ్చేసరికి నవ్వు ఆపి పుస్తకం తెచ్చింది.

"నాయినా, నువ్వు సగం ఇని పోయినవ్. తర్వాతి పేజీ ఇను. ఇంగ్లండుల ఇంకో డాక్టరు మూడు వేల మంది ఖైదీలను కొలిచి, మామూలు మనుషులతోని పోల్చిండు. చెవులల్ల తేడా లేదు, దవడలల్ల తేడా లేదు. గా ఇటలీ ముచ్చటంత ఉత్తదే."

"తప్పని తెలిసినంక మీకెందుకు చదివిస్తున్నరు?"

"మల్లెవడన్న టేపు పట్టుకోని తిరగకుంట."

పెంటయ్య చెవి తడుముకున్నాడు. "మరి మనిషి దొంగ ఎందుకైతడు బిడ్డా?"

"ఒక్కటే కారణం ఉండదు. ఒంట్ల సంగతి కొంత ఉంటది, మనసుది కొంత, ఇల్లు, సోపతి, కరువు, అవకాశం. అన్ని కలిసి ఒక్కొక్కల్ల కాడ ఒక్కో తీరుగ అయితది. గందుకే ఎవరి మొఖం జూసి చెప్పలేం."

"మధుసూదన్ సారుకో?"

జ్యోత్స్న ఆలోచించింది. "కాకరకాయ," అంది.

సంగతి సరిత దాకా పోవడానికి రెండు రోజులు పట్టింది. ఆదివారం ఆమె స్కూటీ మీద మిల్లుకు వచ్చింది. మధుసూదన్ కాంటా వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని పలకరించలేదు. మిల్లులోనే వడ్లు ఎండబోసే గేమ్యా భార్య రంగిని వెతుక్కుంటూ పోయి, "అక్కా, గా బోటి ఎట్ల చేస్తవో జర చెప్పు. నెలకొకసారి, కొంచెం తినొచ్చని డాక్టరు అన్నడు. నూనె తక్కువ పడేటట్టు చెప్పు" అంది.

రంగి మూడు రాళ్ల పొయ్యి పెట్టి, గేమ్యా తెచ్చి శుభ్రం చేసిన బోటిని ఉప్పు, పసుపు, అల్లం వేసి ఉడికించి, తన లెక్క ప్రకారం చాలా తక్కువ నూనెలో వేయించింది. సరిత లెక్క ప్రకారం అది చాలా ఎక్కువ. ఇద్దరూ ఆ గరిటె నూనె మీద అరగంట వాదించుకున్నారు. పెంటయ్య గేటు దగ్గర నుంచే ఇద్దరినీ సమర్థించాడు.

అందరూ షెడ్డులో బంతి కూర్చున్నారు. మధుసూదన్‌కు కొలిచి మూడు ముక్కలు, కొర్రల అన్నంలో. ఆయన ఒక్కో ముక్క పావుగంట నమిలాడు. సరిత మొదట వద్దంది, వాసన పడదంది. తర్వాత రుచి చూస్తానని ఒక్క ముక్క నోట్లో వేసుకుంది.  మొగుడి వైపు చూడకుండా పళ్లెం రంగి ముందుకు జరిపింది.

"ఇంకొంచెం వెయ్యి అక్కా," అంది.