నేను రాస్తున్నది రామకోటి కాదు

రోజూ రాయడం ఎలాగో నాకు సలహాలిచ్చిన వాళ్ళలో రోజూ రాసేవాళ్ళు ఒక్కరూ లేరు. బ్రహ్మముహూర్తంలో కూర్చుంటే సరస్వతి పలుకుతుందన్నాడు ఒక రిటైర్డు ప్రిన్సిపాలు. ఆ వేళకి ఆయన గురక వీధిలోకి వినబడుతుందని ఆయన భార్యే చెప్పింది. మూడ్ రావాలండీ అన్నాడు ఒక కవి. మూడ్ వస్తేనే పొయ్యి వెలిగిస్తానని మీ ఆవిడ అంటే మీరేం తింటారని అడిగాను. ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాకేమీ బెంగ లేదు.

నేను రోజూ రాసేది దేవత కోసమూ కాదు, మూడ్ కోసమూ కాదు. నిన్న గట్టిగా నమ్మి రాసిన మాటని ఇవాళ చదివితే ఎక్కడో ఒకచోట డాబు కనిపిస్తుంది. దాన్ని కొట్టేయాలి. నోటితో వాదించేటప్పుడు గొంతు పెంచి తప్పించుకోవచ్చు. కాగితం మీద ఆ సౌకర్యం లేదు. చిన్నప్పుడు మా నాన్న నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని సంఘసంస్కరణ చర్చాసభలకి తీసుకెళ్ళేవాడు. ఎదుటివాడి చేతగాని మాటకి కాదు, గట్టి మాటకి జవాబు చెప్పాలని అక్కడే నేర్చుకున్నాను. అలాంటి జవాబు తయారు కావాలంటే నాకు రోజుకో గంట కావాలి. తణుకులో, మా ఇంట్లో, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా. నేనడిగింది అంతే.

ఆ గంటని ఊరంతా కలిసి నమిలి మింగేసింది. కలం తీయగానే గ్యాసు బండవాడు. వాడు వెళ్ళగానే ఎదురింటావిడ, పాలలోకి తోడు కావాలని. పంపుసెట్ల షాపులో కూర్చున్న మా ఆయన ఫోను చేసి, "ఓటీపీ వచ్చిందా? చదువు, తొందరగా చదువు" అంటాడు. చదివాక, "ఏం చేస్తున్నావ్?" అని అడుగుతాడు. రాస్తున్నానంటే, "ఖాళీగానే ఉన్నావన్నమాట. టైలరు దగ్గరికి వెళ్ళి నా చొక్కా తెచ్చేయవా?" అంటాడు. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో వ్యాసాలు అచ్చవుతున్న మనిషితో అనే మాట అది.

అదే ఇంట్లో, అదే వేళకి, మా అత్తగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రామకోటి రాసేవారు. గళ్ళగళ్ళ పుస్తకం, గడికో రామనామం. కోటి పూర్తయ్యేదాకా ఇదే పని. కిటికీలోంచి హాల్లో టీవీ కనిపించేలా కుర్చీ వేసుకునేవారు. చెయ్యి రాముడి మీద, కళ్ళు సీరియల్ మీద. కోడలిని హింసించే అత్తగారి సన్నివేశం వస్తే చెయ్యి ఇంకా వేగంగా నడిచేది. అయినా ఆవిడని పలకరించే ధైర్యం ఎవరికీ లేదు. గేటు తీయబోయిన వాళ్ళు ఆ పుస్తకం కనబడగానే చెప్పులు విడిచి అరుగు మీద కూర్చునేవారు. ఓటీపీ కావలసిన కొడుకు కూడా, "అమ్మ రాసుకుంటోంది, డిస్టర్బ్ చెయ్యకు" అని నాకే చెప్పేవాడు.

ఒకే మాటని లక్షలసార్లు రాయడానికి నిశ్శబ్దం కావాలట. ఇంతకు ముందెవరూ అనని మాట ఒక్కటి రాయాలంటే మాత్రం అక్కర్లేదట.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఇదంతా కడిగేశాను. మా ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ తల దించుకున్నాడు. అత్తగారు మజ్జిగ పోసుకుని, "అంత గొడవెందుకమ్మాయ్, నీ గంట నీకు దొరుకుతుందిలే" అన్నారు.

నిజంగానే దొరికింది. మర్నాటి నుంచి గేటు చప్పుడు లేదు. ఫోను మోగలేదు. కొరియరువాడు కూడా కవరు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు నేను వాస్తు మీద వ్యాసం మొదలుపెట్టాను. మంచి గోడల్ని, తలుపుల్ని జనం ఎవడో చెప్పాడని పగలగొట్టుకోవడం మీద. రాత అంత చురుగ్గా ఎప్పుడూ సాగలేదు. తర్కానికి ఇల్లు లొంగిందనుకున్నాను. ఆదివారంనాటి నా ప్రసంగాన్ని మనసులో రెండుమూడుసార్లు మెచ్చుకున్నాను కూడా.

ఒకరోజు నాలుగు కొట్టి కలం మూత పెడుతుంటే, గుమ్మం పక్కన ఎదురింటావిడ కనిపించింది. చెప్పులు గేటు అవతలే విడిచింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"అయిపోయిందాండీ వదినగారూ? మీరు రాసుకునేటప్పుడు పలకరించకూడదని మీ అత్తగారు చెప్పారండి."

"సంతోషం. లోపలికి రండి."

"శ్రీరామనవమికి మన గుళ్ళో పుస్తకాలన్నీ సమర్పిస్తున్నామండి. మీకు శాలువా కప్పాలని అందరం అనుకున్నాం. మీలాంటి వాళ్ళు ఇటు తిరగడమంటే మాటలా? పెనుగొండ వెళ్ళేటప్పుడు ఆటోలో కూడా ఇదే ముచ్చటండి. ఎన్ని లక్షలయ్యాయండి?"

"ఏవి?"

"అదేనండి, రామకోటి."

నేను వరండాలోకి చూశాను. అత్తగారి పుస్తకం తెరిచే ఉంది. ఆవిడ మాత్రం వెనక జాజితీగ వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

ఒక్క నవ్వు నవ్వి ఊరుకుంటే చాలు. ఆ గంట నాదే. చచ్చేదాకా నాదే. వాస్తు వ్యాసం సగంలో ఉంది. ఇదంతా నేను ఆలోచించలేదని చెప్పను. కానీ ఆ శాలువా నా భుజాల మీద పడ్డాక నేను రాసే ఏ వాక్యాన్ని ఎవరు నమ్మాలి? అందరికంటే ముందు, మర్నాడు దాన్ని చదివి డాబు వెతకాల్సింది నేనే కదా.

"నేను రాస్తున్నది రామకోటి కాదండీ. వాస్తు మీద వ్యాసం."

"వాస్తా? మంచిదేగా."

"మంచిదని కాదు రాసేది. ఆగ్నేయంలో ఉన్నాయని మీరు మొన్న నిక్షేపంలాంటి మెట్లు పగలగొట్టించారే, అలాంటి వాటి మీద."

ఆవిడ మొహం ఎర్రబడింది. "మా మెట్ల మీదా? మా మెట్లు మీకేం చేశాయండీ?"

"ఏమీ చేయలేదు. అందుకే జాలి పడుతున్నాను."

"మీ ఇంటికొచ్చినందుకు నన్ననాలి!" చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి రోడ్డు దాటింది. మళ్ళీ వచ్చి, నా వైపు చూడకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళింది.

గేటు పడగానే అత్తగారు నా మీదికొచ్చారు. "నేనేం చంపానా, దోచానా? ఒక మాట వేశాను. నీకు కావలసింది గంట. దొరికింది కదా. రాముడు నీకు లేకపోతే పేరు వాడుకుంటే ఆయనకేం నొప్పి? ఉంటే ఆయనే క్షమిస్తాడు. మధ్యలో నీకేంటమ్మా?"

ఇది గట్టి మాట. సభల్లో ఎంతోమంది పండితులు ఇంత చక్కగా వాదించలేకపోయారు.

"ఆయన సంగతి వదిలేయండి అత్తయ్యగారూ. మీరు చెప్పింది ఇంకో పది రోజులు నడిస్తే, కోడలు కూర్చుని రాసుకోవాలంటే రాముడి పేరు చెప్పాల్సిందేనని ఈ వీధంతా అనుకుంటుంది. ఎదురింటి పిల్ల రేపు పెళ్ళయి అత్తారింట్లో చదువుకోవడానికి గంట అడుగుతుంది. దానికేం చెప్తారు? రామకోటి రాస్తున్నానని చెప్పమంటారా?"

"దాని సంగతి దాని అత్త చూసుకుంటుంది."

"అదేగా నేననేది."

సాయంత్రం సంగతంతా విని మా ఆయన, "సర్దుకుపోతే పోయేదిగా" అన్నాడు. నువ్వు ఒక్కరోజు షాపు మధ్యాహ్నం మూసి, ఖాళీగా ఉన్నానని అందరికీ చెప్పి చూడు అన్నాను. అన్నం తినకుండా లేచాడు. ఆ రాత్రి వంట వృథా అయినందుకు మాత్రం చిరాకేసింది.

మర్నాడు మూడింటికి యుద్ధం మొదలైంది. మొదట ఫోను. "రాస్తున్నాను, నాలుగింటికి చెయ్యి" అని పెట్టేశాను. మళ్ళీ మోగింది. స్విచ్ ఆఫ్ చేశాను. కాసేపటికి గేటు గడియ గట్టిగా మోగింది. ఎదురింటావిడ గొంతు, కావాలనే పెద్దగా. "ఏమండోయ్! దేవుడి పని కాదుగా, ఒకసారి లేచి వస్తే ఏం పోతుందండీ?"

నేను లేవలేదు. లేస్తే తిడతానని నాకు తెలుసు. తిడితే ఆ వేడి కాగితానికి మిగలదు. వాక్యం మధ్యలో కలం ఆగిపోయింది. ఇంకోసారి గడియ మోగితే ఇక ఆ పూటకి రాత అయిపోయినట్టే.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. అత్తగారి గొంతు వినిపించింది. నా మీద కోపం తగ్గిన గొంతు కాదు.

"రామకోటి కాదమ్మా. నేను చెప్పింది అబద్ధం. ఏవో వ్యాసాలట. ఇప్పుడు పిలిస్తే కరుస్తుంది. నాలుగు దాటాక రా, నువ్వూ నేనూ కలిసి తిడదాం."

గేటు మూసుకుంది. నేను ఆ వాక్యం పూర్తి చేశాను.