గొలుసు ప్రార్థనలో రెండు గంటల వంతు

మా సంఘంలో దయ్యాలు వెళ్ళగొట్టే ప్రార్థన జరిగినప్పుడల్లా నేను మైకు వైర్లు సర్దే పని పెట్టుకుని దూరంగా ఉండేవాణ్ని. ఊగిపోయేవాళ్ళలో సగం మందికి ఖాళీ కడుపు, మిగతా సగం మందికి ఇంట్లో పోరు అని నా లెక్క. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రిస్తుంటారు, వాళ్ళకు మన గల్లీల్లో పనేముంటుంది? ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి రాయడానికి రెండేళ్ళు వెనకాడాను.

నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తాని. ఇల్లు లాల్‌దర్వాజాలో. మా సంఘం చిన్నది. గౌలిపురలో పాల వ్యాపారం చేసే లక్ష్మమ్మ గారి ఇంటి మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పెద్ద గదిలో ఆరాధన, చిన్న గదిలో ప్రార్థన. నేను సంఘ పెద్దల్లో ఒకణ్ని.

ఏటా ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో మూడు రోజులు ఉపవాసంతో గొలుసు ప్రార్థన పెట్టుకుంటాం. చిన్న గదిలో ఒకరి తర్వాత ఒకరు, గంట చొప్పున, ఎడతెగకుండా మోకరించాలి. మాకొక కట్టుబాటు ఉంది. గంట అయిపోయిందని ఎవరూ తమంతట తాము లేవకూడదు. తర్వాతి వంతు మనిషి వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి "నేనున్న" అనాలి. అప్పుడు లేచి, మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా బయటికి రావాలి. ఫోన్లు కింద మెట్ల దగ్గర బుట్టలో వదిలి వెళ్ళాలి.

ఈ సంగతి జరగడానికి ముందు ఏడు, ఆటో నడిపే సైమన్ తన తర్వాత రావలసిన మనిషి ఆలస్యం చేస్తే లేచి వెళ్ళిపోయాడు. బడి దగ్గర బిడ్డ ఒక్కతే నిలబడి ఉంటుందని భయమట. ఆదివారం అందరి ముందు నేను అతన్ని కడిగి పారేశాను. నమ్మకమైన దాసుడు గడియారం చూడడు అని పెద్ద మాట కూడా అన్నాను. "తప్పయింది అన్నా" అని తల వంచుకున్నాడు. ఆ రోజు నాకు కడుపు నిండా అన్నం తిన్నట్టు ఉండింది. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మరుసటి ఏడు నా వంతు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా. మా అమ్మకు షుగర్, దాంతో పాటు మతిమరుపు. ఒకసారి తలుపు తీసుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో ఎవరం లేనప్పుడు బయట తాళం వేస్తున్నాం. నా భార్య టీచర్, సాయంత్రానికి గానీ రాదు.

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. పన్నెండున్నరకు అమ్మకు ఇన్సులిన్ వేసి, పప్పన్నం కలిపి ముందు పెట్టాను. రోజూ ఎవరో ఒకరం పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాం, లేకపోతే తినడం మరిచిపోతుంది, ఇన్సులిన్ పడ్డాక తినకపోతే షుగర్ పడిపోతుంది. ఆ రోజు రెండు ముద్దలకే నన్ను తరిమింది. "నే తింట గానీ, నువ్వు పో బిడ్డా. దేవుని పనికి ఆలస్యం చెయ్యొద్దు" అంది. నేను తాళం వేసి వెళ్ళాను.

రెండు దాటింది. ఎవరూ రాలేదు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూశాను, గోడ గడియారంలో రెండుంబావు. అమ్మ పళ్ళెం కళ్ళ ముందు మెదిలింది. తర్వాత వంతు ఎవరిదని ఆలోచించాను. రూతమ్మత్తది. బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఎన్నో ఏళ్ళుగా రెండు గంటల వంతు ఆమెదే. ఎన్నడూ నిమిషం ఆలస్యం చేసి ఎరగదు.

అప్పుడు గుర్తొచ్చింది. రూతమ్మత్త వానాకాలంలోనే చనిపోయింది. సమాధి తోటలో మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వంతుల పట్టిక రాసింది నేనే. ఆఫీసు అలవాటు కొద్దీ పాత పట్టిక ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు దించేశాను. అంటే మూడు గంటలకు సైమన్ వచ్చేదాకా ఇక ఎవరూ రారు.

ఆ తలుపుకు లోపల గడియ లేదు, బయట గొళ్ళెం లేదు. ఊరికే దగ్గరగా వేసి ఉంది. నేను లేచి నాలుగడుగులు వేస్తే చాలు. మోకాళ్ళు మాత్రం చాప మీద నుంచి లేవలేదు. లేస్తే గొలుసు తెగుతుంది. తెంపింది నేనవుతాను. సైమన్ ముఖం ఎలా చూడాలి? ప్రభువా, ఎవరినైనా పంపు అని ఏడ్చాను. అమ్మ కోసం ఏడ్చానో నా పరువు కోసం ఏడ్చానో చెప్పలేను.

గడియారం చివరిసారి చూసినప్పుడు రెండు ఇరవై అయిదు. కళ్ళు మూసుకున్నాను. భుజం మీద చెయ్యి పడింది.

బరువైన చెయ్యి, కీళ్ళు ఉబ్బిన వేళ్ళు. "నేనున్న. నువ్వు పో కొడుకా."

కట్టుబాటు ప్రకారం "నేనున్న" తర్వాత ఇంకో మాట ఉండకూడదు. పక్కన ఎవరో మోకరించిన చప్పుడు, చీర నేలకు రాసుకున్న చప్పుడు విన్నాను. వెనక్కి చూడలేదు. కట్టుబాటు వల్ల కాదు, భయం వల్ల.

మెట్లు ఎలా దిగానో తెలియదు. మెట్ల కింద నా చెప్పుల జత ఒక్కటే ఉంది.

బండి మీద పది నిమిషాల్లో ఇంటికి చేరి తాళం తీశాను. పళ్ళెంలో అన్నం అలాగే ఉంది. అమ్మ తలుపు వెనకే నేల మీద పడి ఉంది, ఒళ్ళంతా చెమట, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. వేలితో చక్కెర చిగుళ్ళకు రుద్ది, పక్కింటివాళ్ళ సాయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇంకో పావుగంట అయితే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడు.

మర్నాడు సంఘంలో ఒక్కొక్కరినీ అడిగాను. రెండింటికి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. లక్ష్మమ్మ గారు ఆ మధ్యాహ్నమంతా మెట్ల పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఆమెను అడిగాను.

"నువ్వు ఎక్కినంక గానీ, నువ్వు ఉరికినంక గానీ మెట్లు ఎవ్వలు ఎక్కలే. కానీ పైన ప్రార్థన ఆగలే సారూ. ఆడమనిషి గొంతు, సన్నగ. మూడింటికి ఆటో అతను ఎక్కేదాంక ఇనబడ్డది."

సైమన్‌ను అడిగితే గది ఖాళీగా ఉందన్నాడు. "మీకేదో అర్జెంటు పడ్డదనుకున్న అన్నా. ఎవ్వరికీ చెప్పలే." అంతే. దెప్పిపొడుస్తాడని చూశాను, దెప్పలేదు. ఆదివారం అందరి ముందు అతన్ని క్షమాపణ అడిగాను.

నేను భయంలో భ్రమపడి ఉండవచ్చు. ఉపవాసం, ఎండ, ఏదైనా కావచ్చు. అయితే లక్ష్మమ్మ గారికి ఉపవాసం లేదు.

మూడో రోజు అమ్మ ఇంటికొచ్చింది. మంచం మీద పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"గంట పూర్తి చేసినవా బిడ్డా? నడుమ లేచి రాలే గద?"

"లేదమ్మా. మనిషి వచ్చినంకనే లేచిన."

"ఎవరొచ్చిన్రు?"

"రూతమ్మత్త."

ఆమె పోయిన సంగతి అమ్మకు గుర్తులేదు. "ఆమె మస్తు భక్తిపరురాలు" అని తృప్తిగా కళ్ళు మూసుకుంది.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. ఆ గొంతు ఎవరిదో తెలియదు. తలుపుకు గడియ లేదని తెలిసి, అమ్మ తాళం వెనక ఒంటరిగా ఉందని తెలిసి నేనెందుకు లేవలేకపోయానో అదీ తెలియదు. ఆ చెయ్యి పడకపోయి ఉంటే మూడింటి దాకా అక్కడే మోకరించి ఉండేవాణ్ని, అది మాత్రం నాకు తెలుసు.