ఒకటి ముందు సున్న

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఇంటి ఫొటోలు సర్దుతూ కూర్చున్నాను. ఉన్నవి ముప్ఫై ఫొటోలే గాని, నేను వాటికి పేర్లు పెట్టే తీరు చూస్తే జనాభా లెక్కలు రాస్తున్నానని ఎవరైనా అనుకుంటారు. 001, 002 అని ప్రతిదానికీ ముందు సున్న తగిలించడం చూసి అమ్మాయి నవ్వింది. "బాపూ, గా సున్న ఎందుకే? ఉట్టి ఒకటి, రెండు అని రాయి. అదే వరుసల పెట్టుకుంటది." నేను వినలేదు. ఆ సున్న నాది కాదు, మా మేనమామది.

మామ మా ఊళ్ళో అశోక్ చౌక్ దగ్గరి ఒక చద్దర్ల కార్ఖానాలో కార్డులు కొట్టేవాడు. మన తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు గాని, చద్దరు మీద నెమలి రావాలంటే గళ్ళ కాగితం మీది బొమ్మ చూసి అట్ట కార్డులకు రంధ్రాలు కొట్టి, వాటిని వరుసగా దారంతో కుట్టి మగ్గానికి ఎక్కించాలి. వరుస తప్పితే నెమలి కాస్తా కాకి అవుతుంది. మామ మొదటి కార్డు మీద 001 అని రాసుకునేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన వరుస ఒక్కసారీ తప్పలేదని కొంతం చౌక్ దాకా చెప్పుకునేవారు. ఢిల్లీ దాకా అని నేనే కలుపుకునేవాణ్ణి.

ఆ కార్ఖానాకు బీరువా అంత కంప్యూటరు వచ్చినప్పుడు, మా అల్లునికి అది వచ్చునని మామ మాలక్‌కు మాటిచ్చి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. నేను చదివింది ఆరు వారాల కోర్సు, అందులో నాలుగు వారాలు కరెంటు లేదు. మొదటి నమూనా చద్దరు బాగా వస్తే నా కొలువు ఖాయం, రాకుంటే నేను ఇంటికి, మామ మాట గంగలోకి.

కంప్యూటర్‌లో గళ్ళ మీద నెమలిని గీశాను. మొత్తం ఒకే ఫైలైతే యంత్రం మూర్ఛపోయేది కాబట్టి అడ్డంగా పన్నెండు ముక్కలు చేసి, తురాయికి ఒకటి, గోళ్ళకు పన్నెండు అని పేర్లు పెట్టాను. అవి ఫోల్డర్‌లో నేను చేసిన వరుసలో బుద్ధిగానే ఉన్నాయి. బుద్ధి లేనిది నాకే. ఫోల్డర్ కనిపించే తీరు మార్చడం నాకు అప్పట్లో ఉన్న ఒకే ఒక వ్యసనం: పొద్దున పెద్ద బొమ్మలు, మధ్యాహ్నం చిన్న బొమ్మలు, చాయ్ తాగాక జాబితా. ప్రింటు తీసే రోజున, చూడ్డానికి నీటుగా ఉంటుందని, పైన 'పేరు' అని ఉన్నచోట ఒక్క నొక్కు నొక్కాను, ముక్కలన్నీ పేర్ల వరుసకు మారాయి. ఆ కాలపు కంప్యూటరుకు ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు, ఆ తర్వాతే రెండు. నేను చూసుకోలేదు. కాగితాలు ఆ వరుసలోనే తీసి మామ చేతిలో పెట్టాను.

"వీటి మీద నంబర్లు లేవేందిరా అల్లుడా?"

"కంప్యూటర్‌కు నంబర్లెందుకు మామా? అదే వరుస పెడ్తది."

మామ కళ్ళద్దాలు సర్దుకొని పని మొదలుపెట్టాడు. ముక్కలుగా చూస్తే అన్నీ గళ్ళే. ఏది గోరో ఏది ముక్కో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

నాలుగో నాడు మగ్గం దిగిన నెమలికి తురాయి కింద కాళ్ళు, కాళ్ళ కింద ముక్కు. మాలక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరే బాప్‌రే! ఇది నెమలా, సర్కసా? ఎవరు చేసిన్రిది?" నేను మగ్గం చాటుకు జరిగాను.

"నేనే మాలక్," అన్నాడు మామ. "కుట్టుడుల తప్పిన. కండ్లు సరిగ కానొస్తలేవు."

తర్వాత నా చెంప పగులుతుందనుకున్నాను. మామ మాత్రం కంప్యూటరు దగ్గరికి వచ్చి, రెండు కన్నా పది ముందెట్ల నిలబడ్డదో చూపియ్యమన్నాడు. చూపించాను.

"ఇది గూడ మీ అత్త లెక్కనే ఎడమ దిక్కుకెల్లి సూస్తున్నదిరా. ఒకటి ముందల సున్న పెట్టు."

అత్తకు చదువు రాదు. మామ ఇంటికి తెచ్చిన కార్డులను, బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి, ఎడమ నుంచి ఒక్కో అంకె ఆకారం పోల్చుకుంటూ పేర్చేది ఆవిడే. ఆయన సున్నలు ఆవిడ కోసం. వాటిని చూసి అంతకుముందు ఎన్నిసార్లు నవ్వానో!

రెండో చద్దరులో నెమలి నెమలిలాగే వచ్చింది, నా కొలువు నిలిచింది. కానీ ఆ రోజు నుంచి మామ కుట్టిన ప్రతి వరుసనూ ఇంకొకరు సరిచూసేవారు. ఆయన ఓ పక్కన నిలబడి బీడీ వెలిగించుకునేవాడు. నిజం రేపు చెబుదామనుకుంటూనే నేను ఆ కార్ఖానాలో ఇరవై ఏళ్ళు పనిచేశాను.

ఇప్పుడు ఆ మగ్గాలకు కార్డులే లేవు, బొమ్మ తీగలోంచి నేరుగా వెళ్ళిపోతుంది. కంప్యూటర్లకు కూడా రెండు తర్వాతే పది అని తెలిసివచ్చింది. చెబుదామంటే మాలక్ లేడు, వినడానికి మామ లేడు. కుంభారి కాలనీలో ఉండే అత్త మాత్రం, అప్పట్లో మామ ఇంటికి తెచ్చుకున్న ఆ కాళ్ళ తల నెమలినే ఇప్పటికీ కప్పుకుంటుంది, మామ చేసిన ఒకే ఒక్క తప్పని వచ్చినవాళ్ళకు మురిపెంగా చూపిస్తుంది.

నేను చాయ్‌కి లేచి వచ్చేసరికి అమ్మాయి నా సున్నలన్నీ తీసేసింది. వరుస ఏమీ చెదరలేదు. కూర్చుని, ముప్ఫై ఫొటోలకూ సున్నలు మళ్ళీ మొదటినుంచి పెట్టాను.