ఆవకాయకు మూడు క్రెడిట్లు

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, మస్కట్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నన్ను క్రెడిట్ల బదిలీ విభాగానికి అధికారిగా వేశారు. వేరే కాలేజీలో చదివిన సబ్జెక్టు మా సబ్జెక్టుతో సరితూగుతుందో లేదో తేల్చడం నా పని. సరితూగితే దాని క్రెడిట్లు ఇక్కడి లెక్కలోకి వస్తాయి, లేకపోతే మళ్లీ చదవాలి. క్రెడిట్లు ఇవ్వడంలో మా విశ్వవిద్యాలయం మహా పిసినారి. వద్దనడానికి కారణం దొరికితే మా కమిటీకి పండగే.

రత్నకుమారిది భీమవరం. మస్కట్ పక్కనే ఉన్న రుసైల్‌లో ఒక పచ్చళ్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే డ్యూటీ చేస్తూ, సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివింది. మా దగ్గర ఆహార శాస్త్రం మూడో ఏడాదిలో చేరడానికి దరఖాస్తు పెట్టింది. 'ఆహార నిల్వ పద్ధతులు' అనే మూడు క్రెడిట్ల సబ్జెక్టు తప్ప అన్నీ కుదిరాయి. అందులో ఆమె చదివింది ఎక్కువగా పచ్చళ్ల గురించే. పచ్చడి పెట్టడం సైన్సెలా అవుతుందని మా ఒమానీ డీన్ సలీం గారు అడ్డం తిరిగారు. ఆ సబ్జెక్టు పోతే ఆమె రెండో ఏడాదిలో చేరాలి. కంపెనీ చదువుకోవడానికి వీలిచ్చింది రెండేళ్లకే. అంటే ఆమె డిగ్రీ ఆశ వదులుకోవాల్సిందే.

నాకు ఒళ్లు మండింది. నియమావళి తిరగేసి చాలెంజ్ పరీక్ష అనే దారి పట్టుకున్నాను. సబ్జెక్టు తనకు వచ్చని అభ్యర్థి కమిటీ ఎదుట చేసి చూపించాలి. డీన్ ఒప్పుకున్నారు. ఆయనతోపాటు కెమిస్ట్రీ ల్యాబ్ పెద్ద, హైదరాబాదీ ఖాదర్ సాబ్ పరీక్షకుడు. నేను సాక్షిని.

రత్నకుమారి తాను పెట్టిన ఆవకాయ జాడీ ల్యాబ్‌కు తెచ్చింది. పులుపూ ఉప్పూ కొలిచి చూపింది. పైన నూనె తేలితే బూజెందుకు పట్టదో తడుముకోకుండా చెప్పింది. చివరి అంశం రంగు, వాసనల పరిశీలన. డీన్ జాడీ మీదికి వంగి వాసన చూశారు. అంత పెద్దమనిషి ఆవకాయ మీదికి వంగితే గోదావరి మనిషి ఊరుకుంటుందా? ఆవకాయ తెచ్చి అన్నం తేకుండా వచ్చే రకం కాదు. సంచిలోంచి వేడన్నం డబ్బా తీసి కలిపేసింది.

“వట్టి వాసన చూసి వదిలేత్తారేంటండి? ముద్ద తినండి సార్,” అని కంగారులో తెలుగులోనే అంటూ ఆయన చేతిలో పెట్టింది.

నా ప్రాణం పోయినంత పనైంది. ల్యాబ్‌లో తినడానికి ఏదైనా బయటికి తీసిన అభ్యర్థి ఫెయిలని నియమావళిలో రాసుంది. కానీ పెట్టింది కాదనడం ఒమానీ మర్యాద కాదు. డీన్ తిన్నారు. కళ్లనీళ్లు కారుతుండగానే ఇంకో ముద్దకు చెయ్యి చాపారు. సాక్షిగా నేనూ ఒకటి తిన్నాను. అందరికన్నా ఎక్కువ తిన్న ఖాదర్ సాబ్‌కు చెయ్యి కడుక్కున్నాక రూలు గుర్తొచ్చింది.

“అరే సాబ్, ల్యాబ్‌ల తినుడు మనా ఉంది గదా. రూల్ ప్రకారం పిల్ల ఫెయిల్.”

రత్నకుమారి మొహం పాలిపోయింది. “ఇంట్లో అలవాటండి, మర్చిపోయానండి,” అంది. నాకు చాలా జాలేసింది.

“ఫెయిల్ చెయ్యాలంటే జరిగింది రిపోర్టు రాయాల సాబ్. తినినోళ్లంతా సంతకం పెట్టాల. మొదటి సంతకం ఎవురిది?” అన్నాను. డీన్‌కూ అదే ఇంగ్లీషులో విన్నవించాను.

ఆయన మూతి తుడుచుకుని, “మాఫీ ముష్కిల్,” అన్నారు. ఇబ్బందేమీ లేదని అర్థం. మూడు క్రెడిట్లూ మంజూరు చేసి, జాడీని మాత్రం సాక్ష్యంగా తన గదిలో పెట్టించుకున్నారు.

అభ్యర్థి ఏం చేయకూడదో రాసేవాళ్లు పరీక్షకుల సంగతి మర్చిపోతారని అప్పుడు తెలిసింది. రిటైరయ్యేలోపు నియమావళిలో ఒక్క వాక్యం చేర్పించగలిగాను: పరీక్షకులు జవాబును తినరాదు.